మూఢంలో రాసిపెట్టిన పని

పోయిన వారం హనుమకొండలో ఒక హాల్లో ఆడవాళ్ళ చిన్న వ్యాపారాల మీటింగ్ జరిగింది. పచ్చళ్ళు పెట్టేవాళ్ళు, మగ్గం వర్క్ చేసేవాళ్ళు, బ్యూటీ పార్లర్ వాళ్ళు, ఇంట్లోనే చీరలు అమ్మేవాళ్ళు హాలు నిండా వచ్చారు. నన్ను కూడా పిలిచారు, అదీ వేదిక మీద కూర్చోబెట్టడానికి. ఏళ్ళ తరబడి సకినాల వ్యాపారం చేస్తున్నదాన్ని కనుక విజయ రహస్యాలు పది నిమిషాలు చెప్పాలన్నారు. నాకు తెలిసిన రహస్యం నూనె మంచిది వాడటం ఒక్కటే. అది చెప్పడానికి అర నిమిషం చాలు. మిగతా తొమ్మిదిన్నర నిమిషాలు ఎలా నింపాలా అని ఆలోచించుకుంటూ, నాకంటే ముందు మాట్లాడుతున్న అమ్మాయి మాటలు వింటూ కూర్చున్నాను.

హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి అది. ముప్పై ఏళ్ళుంటాయేమో, ముచ్చటగా మాట్లాడుతుంది. సమయాన్ని ఎలా వాడుకోవాలో చెప్పడం ఆమె వృత్తి. బోర్డు మీద నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీసి నాలుగు గదులు చేసింది. ముఖ్యమైనవి, తొందరవి, రెండూ అయినవి, రెండూ కానివి. ఒక గది మీద వేలు పెట్టి, "ఇవి చాలా ముఖ్యమైన పనులే, కానీ ఇవాళే చేయకపోతే కొంప మునగదు. వీటిని మనసులో మోయకండి. క్యాలెండర్‌లో ఒక తేదీ వేసేయండి. రాసేశారంటే సగం పని అయిపోయినట్టే, మనసు తేలికైపోతుంది" అంది. అందరూ గబగబా రాసుకున్నారు. ముందు వరుసలో ఒకామె ఆ మాట కింద రెండు గీతలు కూడా కొట్టుకుంది. నేను నీళ్ళ సీసా కోసం వెతుక్కున్నాను. ఆ అమ్మాయి చెప్పిన దాంట్లో తప్పేమీ లేదు. ఆ గదిని ఆమె పుట్టకముందే కాకపోయినా, ఆమె కాలేజీకి పోయే రోజుల్లోనే నేను మా ఇంటి గోడ మీద గీసి పెట్టాను. అందులో ఒకరోజు మా వదిన పేరు రాశాను.

మాది కాశిబుగ్గ. మా అన్న జంపఖానాలు నేసేవాడు. నూలు ధర పెరగడం, జంపఖానా మీద కూర్చునేవాళ్ళు తగ్గడం రెండూ ఒకేసారి వచ్చి మగ్గం మూలన పడ్డప్పుడు, ఇల్లు నడిపింది మా వదిన వేళ్ళు. ఆమె ములుగు పక్క పల్లె నుంచి వచ్చిన మనిషి. అక్కడి పెళ్ళిళ్ళలో సకినాలు చుట్టడానికి చిన్నప్పటి నుంచే ఆమెను ఇంటింటికీ పిలిచేవారట. తడిపిండి బొటనవేలికీ రెండు వేళ్ళకీ మధ్య పట్టి గుడ్డ మీద తిప్పుతుంటే, నాలుగు చుట్లూ ఒకే లావున, ఎక్కడా తెగకుండా పడేవి. నేను చుట్టిన సకినం చూసి "ఇది జిలేబీ ఎండవెట్టినట్టున్నది పిల్లా" అని నవ్వేది. అన్న నేసి అమ్ముడుపోని గుడ్డలే వాటికి పరుపు. మొదట వీధిలో ఒక పెళ్ళికి చేసిచ్చింది, ఆ పెళ్ళికి వచ్చినవాళ్ళు ఇంకో నాలుగు పెళ్ళిళ్ళకు చెప్పారు. మా వైపు పెళ్ళంటే సారెలో సకినాలు ఉండి తీరాలి, వియ్యాలవారికి పళ్ళెమంత పెద్ద సకినం వేరే ఉండాలి. కాబట్టి పనికి కొదవ లేదు.

కొదవంతా పద్ధతికే. మా వదినకు కాదనడం రాదు. ఎవరొచ్చి అడిగినా "చేద్దాం తియ్యి అక్కా" అనేది. ఒకసారి రఘునాథపల్లి వాళ్ళ సారె, ఇక్కడి కరీమాబాద్ వాళ్ళ సారె ఒకే పొద్దుకు ఒప్పుకుంది. నానబోసిన బియ్యానికి గిన్నెలు చాలక స్నానాల గదిలో బకెట్లు కడిగి పోశాం. రఘునాథపల్లి వాళ్ళు ట్రాలీ ఆటో వేసుకుని దిగేసరికి సగం సకినాలు ఇంకా గుడ్డ మీదే ఉన్నాయి. వదిన ఏమీ కంగారు పడలేదు. వాళ్ళందరినీ కూర్చోబెట్టి, చాయ్ పోసి, తినడానికి వేడివేడి సకినాలు పెట్టింది. పెళ్ళికూతురు బాబాయి అయితే మూడుసార్లు అడిగి పెట్టించుకున్నాడు. వాళ్ళు లేచేసరికి తెలిసిందేమిటంటే, వాళ్ళు తిన్నవి వాళ్ళ సారెలోవే. మళ్ళీ బియ్యం నానబోయాలి. ఆ రోజు నేను గుమ్మం వెనక నిలబడి సిగ్గుతో చచ్చిపోయాను, వదిన మాత్రం "కడుపునిండ తిన్నరు గద, తిట్టరు తియ్" అంది. నిజంగానే తిట్టలేదు.

నేను అప్పటికి పుట్టింట్లోనే ఉంటున్నాను. నా పెళ్ళి రెండేళ్ళకే తెగిపోయింది, దాని గురించి ఇంతకంటే చెప్పుకోవలసిందేమీ లేదు. ఒక ప్రైవేటు స్కూల్లో ఆఫీసు పని చేసేదాన్ని, ముఖ్యంగా టైంటేబుల్ వేసే పని. ఏ పీరియడ్‌లో ఏ సారు ఖాళీగా ఉన్నాడో కళ్ళు మూసుకుని చెప్పగలిగేదాన్ని. ఆ గర్వంతోనే స్కూలు మానేసి వదిన వ్యాపారం మీద పడ్డాను. తిథులూ వర్జ్యాలూ ఉండే పెద్ద గోడ క్యాలెండర్ కొని, ముహూర్తం ఉన్న ప్రతి తేదీ చుట్టూ ఎర్ర పెన్సిల్‌తో సున్నా చుట్టాను. సున్నాకు ఒకరోజు ముందే సరుకు పోవాలి, రెండు రోజుల ముందు బియ్యం నానాలి. ఒక సున్నాకు రెండు సారెలు మించి ఒప్పుకోకూడదు. ఫోను పదకొండు నుంచి పన్నెండు దాకానే ఎత్తాలి, ఎందుకంటే అప్పటికి చుట్టడం అయిపోయి సకినాలు గుడ్డ మీద ఆరుతుంటాయి. చుట్టేటప్పుడు ముచ్చట్లు పెట్టుకోవచ్చు, నూనెలో కాల్చేటప్పుడు పెట్టుకోకూడదు. చేయగలిగిన పూటకంటే ఒక పూట ఆలస్యంగా చెప్పి, చెప్పినదానికంటే ఒక పూట ముందే ఇవ్వాలి, అప్పుడు మనల్ని మెచ్చుకుంటూ పోతారు. ఇవన్నీ నేను హాల్లో చెప్పాను, చప్పట్లు కొట్టారు. ఇప్పటికీ ఇవి మంచి సలహాలే. పాటించినవాళ్ళకు నష్టం రాదు.

మాకూ రాలేదు. రెండేళ్ళలో ముందుగది నుంచి వెనక రేకుల షెడ్డుకు మారాం. వీధిలో ఆరుగురు ఆడవాళ్ళు పనికి వచ్చేవారు. అన్న మగ్గం అమ్మేసి, సరుకు చేరవేయడానికి స్కూటర్ వెనక పెద్ద బుట్ట కట్టించుకున్నాడు. ఆలస్యమనే మాట మా ఇంట్లో వినబడలేదు. వదిన నన్ను "మా కలెక్టరమ్మ" అని వెక్కిరించేది. ఎవరైనా ఆర్డరుకు వస్తే తను నోరు మూసుకుని గోడ వైపు చెయ్యి చూపించేది, "నన్నడుగకు అక్కా, ఆ కాయితాన్నడుగు" అని. ఆ మాటలో ఎగతాళి ఎంత ఉందో నమ్మకం కూడా అంతే ఉంది. నాకు ఆ నమ్మకం తలకెక్కింది, ఎందుకు దాచుకోవాలి.

ఇక మూఢం సంగతి. గురువో శుక్రుడో కనబడకుండా పోయే ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు ఉండవు కదా, పెళ్ళిళ్ళ మీద బతికే మాలాంటి వాళ్ళకు అవే సెలవులు. బాజాల వాళ్ళూ, టెంటు వాళ్ళూ, వంటవాళ్ళూ, మేమూ అందరం సొంత పనులన్నీ మూఢంలోకి నెట్టుకుంటాం. మా వీధిలో పళ్ళు పీకించుకునేవాళ్ళూ, ఇంటికి సున్నం వేసుకునేవాళ్ళూ, అలిగిపోయిన చుట్టాలను బుజ్జగించి తెచ్చుకునేవాళ్ళూ మూఢంలోనే కనబడేవారు. నేను ఆ రోజుల మీద నీలం పెన్సిల్‌తో గీత గీసేదాన్ని. ముహూర్తాల్లో ఎవరికి ఏ సొంత పని గుర్తొచ్చినా, వెంటనే ఆ నీలం గీత కింద రాసేదాన్ని. షెడ్డు రేకు కారుతోంది, నీలం కింద. గ్రైండర్ అరుస్తోంది, నీలం కింద. వదిన పుట్టింటికి పోవాలంటోంది, నీలం కింద. రాయగానే ఆ గోల ఆగిపోయేది. అది నాకెంతో హాయిగా ఉండేది.

ఆ ఏడు మాఘంలో మొదలైన ముహూర్తాలు ఊపిరి తీసుకోనివ్వలేదు. మూఢం ఉగాది దాటాక గానీ లేదు. మాఘం మొదటి వారంలోనే ఒక పొద్దున, వదిన, నేను ఎదురెదురుగా కూర్చుని సకినాలు చుడుతున్నాం. మిగతా ఆడవాళ్ళు ఇంకా రాలేదు. వదిన చెయ్యి ఆపకుండానే, ఉప్పు తక్కువైందని చెప్పినంత మామూలుగా అంది.

"పిల్లా, ఇగో ఈ రొమ్ముల ఏందో గట్టిగ తగుల్తాంది. తానం జేసేటప్పుడు చూసిన."

"నొప్పి ఉన్నదా?"

"నొప్పి లేదు, ఏం లేదు. శనగ్గింజంత ఉన్నది."

"దవాఖానల చూపించుకోవాలె వదినా. రేపు పోదామా?"

నిజమే, రేపు పోదామా అని నేను అడిగాను. ఆ మాట పట్టుకుని చాలా ఏళ్ళు నన్ను నేను సమాధానపరుచుకున్నాను. కానీ అడుగుతూ అడుగుతూనే నా కళ్ళు గోడ మీదికి పోయాయి, ఎల్లుండి తేదీ చుట్టూ ఎర్ర సున్నా ఉంది, సరుకు రేపే పోవాలి. వదిన నా కళ్ళు చూసింది. నన్ను ఇబ్బంది పెట్టడం ఆమెకు ఎప్పుడూ ఇష్టం ఉండదు.

"రేపెట్ల పోతం? నానవోసిన బియ్యం మన మాట ఇంటయా? తడిపిండి ఆగది గని, నేనాగుత తియ్యి పిల్లా. మూఢంల రాయి" అంది.

నేను లేచి చేతులు కడుక్కుని, నీలం గీత మొదలయ్యే మొదటి రోజు మీదనే, "వదిన, దవాఖాన" అని రాశాను. మొదటి రోజే రాశాను చూడు, ఆ పనికి ఎంత విలువ ఇచ్చానో అని నాలో నేను మెచ్చుకున్నాను కూడా. తిరిగొచ్చి పిండి ముందు కూర్చునేసరికి మనసు తేలికైపోయింది. ఇప్పుడు ఆ తేలికదనమే తలుచుకుంటే నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

మధ్యలో ఇంకొకసారి చెప్పింది. అప్పటికి ఫాల్గుణం సగం గడిచింది. కడాయి ముందు నిలబడి, కొంగుతో మెడ తుడుచుకుంటూ, "అది జర పెరిగినట్టున్నదే" అంది. నేను కాల్చిన సకినాలు లెక్క పెడుతున్నాను. కాల్చేటప్పుడు ముచ్చట్లు వద్దని కదా నా నియమం. తల ఎత్తకుండానే, "ఇంక పదిహేను రోజులే గద వదినా, రాసి పెట్టిన" అన్నాను. ఆమె "అవునవును" అని జల్లిగరిటె తిప్పింది. అప్పటికైనా మేము పోగలిగేవాళ్ళం. అడ్డొచ్చింది ఎవరూ కాదు. ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం, స్కూటర్ ఇంటి ముందే ఉంది, దవాఖాన ఆటోలో పోయేంత దూరం.

మూఢం వచ్చింది. రాసుకున్న రోజునే, రాసుకున్న పొద్దుకే, అన్న, వదిన, నేను పోయాం. ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదు. చేత్తో చూడగానే డాక్టరమ్మ ముఖం మారింది, చంకలో కూడా తడిమి చూసింది. పరీక్షలు రాసిచ్చి, వాటి కాగితాలు వచ్చిన రోజు మళ్ళీ ముగ్గురినీ పిలిచి, "ఇది ఎన్నాళ్ళ నుంచి ఉందమ్మా?" అని అడిగింది. వదిన నా వైపు చూడను కూడా లేదు.

"మొన్ననే మేడమ్. ఉగాది పండుగనాడు తలకు పోసుకుంటుంటే కనవడ్డది" అంది.

డాక్టరమ్మ అదే రాసుకుంది. నొప్పి లేని గడ్డలనే ఎక్కువ అనుమానించాలని, ఇంకొంచెం ముందైతే ఎలా ఉండేదో తను కచ్చితంగా చెప్పలేనని, కొన్ని చాలా తొందరగా పాకుతాయని చెప్పింది. నేను నేల వైపు చూస్తూ కూర్చున్నాను. అన్న గుమ్మం దగ్గర నిలబడి తిరుగుతున్న ఫ్యాను వైపు చూస్తున్నాడు. కాదు మేడమ్, మాఘం నుంచే ఉంది, నేనే క్యాలెండర్ చూసి ఆపాను అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బయటికి వచ్చాక వరండాలో ఒంటరిగా దొరికినప్పుడు, "ఎందుకట్ల చెప్పినవ్ వదినా?" అన్నాను. "ఇప్పుడు చెప్పి ఏం ఫాయిదా? మీ అన్న నిన్ను ఒక మాట అంటడు, నువ్వేడుస్తవు. నాకు దవాఖాన ఫికరే చాలు, ఇంట్ల పంచాయితీ సుత పెట్టుకోవాల్నా?" అంది. పైగా తనే నా భుజం మీద చెయ్యి వేసింది.

ఆపరేషన్ ఇక్కడే అయింది, మందులు ఎక్కించడానికి హైదరాబాదు తిప్పాం. కుడి చెయ్యి వాచిపోయి పిండి పట్టుకోవడానికి వీలు లేకపోతే ఎడమ చేత్తో మొదలుపెట్టింది. ఎడమచేతి సకినాలు తిరుగుడు వేరుగా, కుడివైపు నుంచి ఎడమకు పోయేవి. "ఏవన్న ఉల్టా సంబంధాలకు ఇవి పెట్టుండ్రి" అని నవ్వించేది. తల మీద వెంట్రుకలు పోయాక స్కార్ఫ్ కట్టుకుని, పనికొచ్చే ఆడవాళ్ళకు వేలు ఎలా తిప్పాలో నేర్పేది. ఏడాదిన్నర బతికింది. ఆ ఏడాదిన్నరలో ఆమె మాత్రం దేనికీ తేదీ వేయలేదు. తినాలనిపించింది అప్పుడే తినేది, ములుగు పోవాలనిపిస్తే ముహూర్తాల మధ్యలోనే బండి కట్టించుకుని పోయేది. నేను ఒక్కసారి కూడా అడ్డు చెప్పలేదు. అప్పుడు చెప్పకపోవడం ఎంత సులువుగా ఉందో.

ఆమె పోయి ఎనిమిదేళ్ళయింది. వ్యాపారం నడుస్తూనే ఉంది. క్యాలెండర్ మానేయలేదు, అది మానేస్తే ఆరు కుటుంబాలు రోడ్డున పడతాయి. పనికొచ్చే ఆడవాళ్ళలో ఎవరైనా ఒంట్లో బాగాలేదంటే మాత్రం నానిన బియ్యం నానినట్టే వదిలేసి నేనే ఆటో పిలుస్తాను. రెండుసార్లు పిండి పులిసిపోయింది. ఒకసారి జ్వరమే, ఒకసారి ఏమీ లేదు. వాళ్ళు నన్ను చూసి కొంచెం నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

హాలు నుంచి నేను ఇంటికి వచ్చేసరికి సాయంత్రం అయింది. అన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు. వాళ్ళు కప్పిన శాలువా చూసి, "ఏం జెప్పినవ్ చెల్లె?" అన్నాడు. ఏం చెప్పానో చెబుదామని మొదలుపెట్టి, ఏం చెప్పలేదో చెప్పేశాను. మాఘం అన్నాను, శనగగింజ అన్నాను, ఎర్ర సున్నా చూసి నేను తగ్గిన సంగతి చెప్పాను. డాక్టరమ్మతో వదిన అన్నది అబద్ధమని, అది నన్ను కాపాడటానికేనని చెప్పాను. ఎనిమిదేళ్ళుగా ఈ మాటకు అన్న ముఖం ఎలా మారుతుందో ఊహించుకుంటూ భయపడ్డాను. తిడతాడనుకున్నాను. తిట్టినా బాగుండేది.

అన్న నెమ్మదిగా, "నాకెరుకే" అన్నాడు. "నువ్వు రాసిన తెల్లారే గోడ మీద చూసిన. ఏందని మీ వదిననడిగితే, చిన్న గడ్డ ఉన్నది, చెల్లె తేదీ రాసింది అన్నది. నువ్వు రాసినవంటే ఇగ అయిపోయినట్టే అనుకున్న. మల్ల అడుగలే. ఆ మేడమ్ ముందట ఆమె అట్ల చెప్పంగ నాకు సుత నోరు రాలే. నువ్వు నేల దిక్కు చూస్తానవ్, నేను ఫ్యాన్ దిక్కు చూసిన."

ఆ మాట విన్నాక మేమిద్దరం ఏడ్చాం, అరుగు మీదనే, వీధిలో అందరూ చూస్తుండగానే. నా తప్పును దాచడానికి ఆమె ఒక అబద్ధం ఆడిందనుకున్నాను ఇన్నాళ్ళూ. మా ఇద్దరికీ వేరువేరుగా తెలుసని ఆమెకు తెలుసు, మా ఇద్దరినీ ఒక్క మాటతో కాపాడింది. పెళ్ళాం రొమ్ములో గడ్డ ఉందని తెలిసి అన్న, వదిన చెప్పగా విని నేను, ఒకే ఇంట్లో, ఒకే కాగితం చూసుకుంటూ, పని జరిగిపోయినట్టే రోజూ తిని పడుకున్నాం. దవాఖానకు పోయి రావడానికి కావలసింది ఒక్క పూట. మాఘం నుంచి ఉగాది దాకా అలాంటి పూట మాకు ఏ ఒక్కరోజూ లేకుండా పోలేదు.